ఇల, అల, ఐలా

రాసేది ఒకలా, పలికేది ఐలా.
పడవ మీద టికెట్లు చూసే కుర్రాడు రెండుసార్లు దిద్దాడు నన్ను.
మూడోసారి మస్తాన్‌వలి అందుకున్నాడు:
"ఇల అను. అల అను. ఆ రెంటి మధ్యన నోరు తెరువు, వచ్చేస్తుంది."
వచ్చేసింది.

కెన్నక్రెగ్ రేవు వెనకబడింది.
జూరా కొండలు మబ్బు దుప్పటి మెడదాకా లాక్కుని
ఇంకాసేపు లేవమన్నాయి.
డెక్కు మీద అందరూ గాలి పీల్చి కళ్ళు మూసుకుంటున్నారు.
ఉప్పట, నాచట, ఎక్కడో పొగట.
నాకు గాలి చల్లగా ఉంది, అంతే.

రెండేళ్ళ కిందట ఒక జ్వరం
నా ముక్కుకి తాళం వేసి చెవి పట్టుకుపోయింది.
అప్పట్నుంచి కాఫీ అంటే వేడినీళ్ళు,
మల్లెపూలంటే తెల్లకాగితం ముక్కలు.
అన్నం మాడితే చెప్పడానికి వంటింటి గోడకొక యంత్రం.
ఇలాంటివాణ్ణి
వాసన అమ్ముకుని బతికే దీవికి తీసుకొచ్చినవాడు
పుట్టి చుక్క ముట్టనివాడు.
"నీకు వాసన రాదు, నేను తాగను.
ఇద్దరం కలిస్తే ఒక గిరాకీ," అన్నాడు
గ్లాస్గోలో కారు బయటికి తీస్తూ.

సన్నటి రోడ్డు. ఎదురొచ్చే ప్రతి కారులోనూ
స్టీరింగ్ మీంచి ఒక వేలు లేస్తుంది.
మొదట కంగారుపడ్డాడు, మన లైటేదో వెలగడం లేదేమోనని.
పలకరింపని తెలిశాక
మూడో మైలుకల్లా
గొర్రెలక్కూడా వేలెత్తుతున్నాడు.

పక్కన బురదనేలలో
పిడకల్లా ఆరబెట్టిన నల్లమట్టి.
వేల ఏళ్ళు కుళ్ళడం వాయిదా వేసుకున్న గడ్డి అది.
దాన్ని రాజేసి, ఆ పొగలో బార్లీని పడుకోబెడతారట.

సముద్రానికి ఎదురుగా తెల్లగోడ,
ఓడలు చదువుకునేంత నల్లటి అక్షరాలు.
లోపల చూపించినావిడ పేరు ఈషబెల్.
చిటికెనవేలు సగమే ఉంది.
మిగతా సగం ఏ పీపాలో ఉందో అడగొద్దంది.
గచ్చు మీద పరిచిన గింజల్లో చెయ్యి పెట్టనిచ్చింది.
వెచ్చగా ఉన్నాయి.
మొలకెత్తబోయే గింజకీ
జ్వరం వస్తుందని నాకప్పుడే తెలిసింది.

గిడ్డంగిలో చీకటి. పీపాల్లోంచి ఏటా కొంత
గాలికి పోతుందనీ, అది దేవదూతల వాటా అనీ చెప్పింది,
రోజూ అందరికీ చెప్పే గొంతుతో.
ఆ వాటా నడిమధ్యన నిలబడి ఉన్నాను.
నాకేమీ ముట్టలేదు.

గ్లాసు చేతికొచ్చాక
మస్తాన్ ముక్కు కింద పెట్టాను.

"గుంటూరు పెద్దాసుపత్రి వరండా. టింక్చరు.
తడిసిన గోనెసంచి.
ఆగు, ఆగు... పడవకి పూసే తారు.
నిజాంపట్నంలో చేపలెండేసిన ఇసక, మిట్టమధ్యాహ్నం.
పొగ. కట్టెల పొగ కాదురా,
వాన పడి ఆరిపోయిన కుంపటి చూడు, అదీ."

ఒక్కో మాటకీ ఒక్కో గుక్క.
గ్లాసు వాడి దగ్గరికీ నా దగ్గరికీ తిరుగుతోంది.
వాసన వాడిది, మంట నాది.
ఈషబెల్‌కి తెలుగు రాదు.
అయినా మధ్యలో మాట్లాడలేదు.

"ఇంకొకటుంది," అన్నాడు.
అప్పటికి గ్లాసు ఖాళీ.
దాన్నే రెండు చేతుల్తో పట్టుకుని
చాలాసేపు ముఖం దించుకున్నాడు.
"ఏంటది?"
చెప్పలేదు.

బండి నడిపేవాళ్ళకి చిట్టి సీసా ఇస్తారక్కడ,
ఇంటికెళ్ళి తాగమని.
వీడు తాగడండీ అనబోతే
మోకాలితో నన్ను తోసి, తీసి జేబులో వేసుకున్నాడు.

తిరుగు దారిలో గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన పెద్దబాతులు
పొలాల్లోకి దిగుతున్నాయి,
సంతకొచ్చిన జనంలా, ఒకటే గోల.
ఎదురుకార్లు వేళ్ళెత్తాయి.
మస్తాన్ ఎత్తలేదు.
అద్దాలు పైదాకా బిగించి ఉన్నాయి.
లోపల ఏదో ఉండే ఉంటుంది.

నేను పడవ దాకా
ఊపిరి కొంచెం కొంచెంగానే తీసుకున్నాను,
అది అయిపోకుండా.