మైనం రాసే పాఠం

బూట్లు ఇక్కడే విడువు, ఆర్విస్. మేజోళ్ళతో రా.
నేలతో పరిచయం పాదాలతోనే అవ్వాలి.

ఈ కోటని ఒకప్పుడు మా ఊరివాళ్ళే కూల్చారు.
రీగా వర్తకులకి ఇనప చొక్కాల దొరలంటే పడేది కాదు,
రాయి మీద రాయి ఉండనివ్వలేదు.
తర్వాత ఓడిపోయి
కూల్చిన చేతులతోనే మళ్ళీ కట్టాల్సొచ్చింది,
ఏళ్ళ తరబడి, సొంత ఖర్చుతో.
అలిగినవాడు కలిపిన సున్నం గట్టిగా పడుతుందని
మా తాత అనేవాడు.
గోడ మందం చూస్తే నిజమే అనిపిస్తుంది.

పోలండు దొర, స్వీడను దొర, జారు పంపిన గవర్నరు.
తాళంచెవులు చేతులు మారాయి.
కిటికీ అవతల దౌగవా నది
ఎవరొచ్చినా లేచి నిలబడలేదు.

ఇది తెల్ల హాలు.
రాయబారులు తమ దేశం ఉత్తరాన్ని
రెండు చేతులా అందించేది ఇక్కడే.
నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఇదంతా పయనీర్ పిల్లల భవనం.
మెడలో ఎర్ర రుమాలు, చేతిలో కర్రబొమ్మ,
పక్క గదిలో ఎవడో అకార్డియన్ మీద
ఏడాది పొడుగునా ఒకే తప్పు వాయించేవాడు.
నా బొమ్మ నక్క.
దాని ఎడమ కన్ను, నల్ల గుండీ,
ఊడి ఈ పలకల సందులో పడింది.
జడపిన్నుతో గీకుతుంటే మిల్డా టీచరు అరిచింది:
"ఔస్మా! అది ప్రభుత్వ నేల!"

ఆ ప్రభుత్వం పోయింది. గుండీ ఉంది
అనుకుంటూనే ఉన్నాను,
పైకప్పు అంటుకున్న రాత్రి దాకా.

జూన్ నెల, పదయినా చీకటి పడని ఆకాశం.
వంతెన మీద జనం
దేశమే కాలిపోతోందన్నట్టు నోళ్ళు మూసుకుని నిలబడ్డారు.
నేను మాత్రం, సిగ్గులేకుండా,
ఒక నక్క కన్ను కోసం ఏడ్చాను.

బాగుచేశాక వడ్రంగిని అడిగాను.
"చెత్త ఎప్పుడో లారీకెత్తాం, అమ్మా" అన్నాడు,
గోరులో ఇరుక్కున్న పేడు లాక్కుంటూ.

ఇప్పటికీ ఈ మూలకొచ్చేసరికి
నా వేలు సందుల్లో ఆగుతుంది. పట్టించుకోకు.
నువ్వు చెక్క నార వెంబడే రుద్దు, పలచగా, రెండు పూతలు.
రేపు పదిన్నరకి ఎవరో రాయబారి.
ఆయన జారకూడదు,
అలాగని తన నీడ తనకి కనిపించకుండానూ ఉండకూడదు.

దీపాల స్విచ్ ఆ తలుపు వెనకుంది.
మొదటి రోజు అందరూ గోడ తడుముకుంటారు,
పై అంతస్తుకి వచ్చినవాళ్ళు కూడా.