నలభై ఏడో నంబరు బెల్టు

స్టోర్లో నా పని లెక్క.
హెల్మెట్లు నూట పన్నెండు, బూట్లు తొంభై జతలు,
బెల్టులు అరవై. ప్రతి బెల్టు మీదా తెల్ల పెయింటుతో
నంబరు నేనే వేశాను.

ఏడింటికి, ఎండాడ కొండ మీద ఎండ ఇంకా లేతగా ఉండగానే
కిటికీ ముందు వరస కడతారు.
రిజిస్టర్లో వేలిముద్ర వేస్తే బెల్టు.
కంచిలి వాళ్ళు, బరంపురం వాళ్ళు, మాల్దా నుంచి ఒక కుర్రాడు,
వాడు నేర్చుకున్న మొదటి తెలుగు మాట "బేగి".

తవిటినాయుడు మాత్రం ఊరికే పోడు.
బెల్టు భుజాన వేసుకుని, కొక్కెం ఊపుతూ
"ఏటి మేడమ్మా, కొక్కెం ఇచ్చినావు, బాగుంది.
దీన్ని గాలికి తగిలించుకోమంటావేటి?" అనేవాడు.
వెనకవాళ్ళు నవ్వేవాళ్ళు.
నేనూ నవ్వాను.

పంతొమ్మిదో అంతస్తు అంచు వెంబడి కట్టిన తాడు
ఉప్పుగాలికి పీచులు లేచి ఎప్పుడో తెగింది.
కొత్తదానికి ఇండెంటు రాశాను.
మూడు సంతకాలు కావాలి. రెండు పడ్డాయి.
మూడో ఆయన సీ వ్యూ ఫ్లాట్ల బ్రోషరు పనిలో ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం గాలి తిరిగింది.
సెంట్రింగు రేకు ఒకటి తెరచాపలా లేచిందట.
నేను చూడలేదు. చప్పుడు విన్నాను.
సిమెంటు బస్తా అనుకున్నాను.
స్టాకులో ఒకటి తగ్గించాలి, అని కూడా అనుకున్నాను.

సాయంత్రం కేజీహెచ్ నుంచి
ప్లాస్టిక్ సంచిలో బెల్టు తిరిగొచ్చింది.
ఒక్క కుట్టూ ఊడలేదు. కొక్కెం తళతళా ఉంది.
దేన్నీ పట్టుకోనిది ఎలా అరుగుతుంది?

రిపోర్టులో:
బెల్టు ఇవ్వబడినది. కొక్కెము తగిలించుకొనలేదు.
కార్మికుని అజాగ్రత్త.
కింద స్టోర్ కీపర్ సంతకానికి చోటు.
"వేలిముద్ర ఉందిగా, మీకేం భయం" అన్నారు.

బుధవారం కిటికీ తలుపు తియ్యలేదు.
బెల్టుల మధ్య కుర్చీ వేసుకు కూర్చున్నాను.
మేనేజరు అరిచాడు. బతిమాలాడు.
నా ఉద్యోగం సంగతి గుర్తు చేశాడు.
బయట వరస పెరిగిందే గానీ
ఒక్కడూ పైకెక్కలేదు. మాల్దా కుర్రాడు కూడా
బేగి అనలేదు.
ఎనిమిదిన్నరకి ఎవరికో ఫోన్ వెళ్ళింది.

తొమ్మిదీ పదికి తాడొచ్చింది.
కంచరపాలెం నుంచి, ఆటోలో.
ఇరవై రెండు రోజులుగా రాని తాడు
నలభై నిమిషాల్లో.
కిరాయి మూడొందలు. రసీదు రాయించుకుని
ఇండెంటుకి గుండుసూదితో గుచ్చాను.

రిపోర్టు ఇంకా నా బల్ల మీదే ఉంది, సంతకం లేకుండా.
ఫ్యాను గాలికి ఎగిరిపోతోందని
దాని మీద నలభై ఏడో కొక్కెం పెట్టాను.