భుజం మీది తెల్ల గీత

పొద్దున్న నాలుగున్నరకి, తురింగియా కొండల కింద
ఇంకా చీకటి వదలని సీసాల కార్ఖానాలో
ఓర్త్రున్ వెలుగుతున్న తెల్ల పలక ముందు కూర్చుంటుంది.
చప్పుడు దూరకుండా ఆమె చెవులకీ బిరడాలే.
ఒక్కొక్క సీసా వచ్చి, తన లోపలిది చూపించి, వెళ్తుంది.

పక్కనే ముక్కున్న యంత్రం ఒకటి.
కిరసనాయిలు వాసనొస్తే సీసాని పక్కకి నెట్టేస్తుంది.
యంత్రానికి అందనివి ఆమె కంటికి అందుతాయి:
సిగరెట్ పీక, ఎండిన కందిరీగ,
ఒకసారి చీపురుపుల్లంత సన్నగా చుట్టిన ఉత్తరం.
చదవలేదు. కాస్టిక్ సోడా నీళ్ళు
తనకంటే ముందే చదివేశాయి.

ఇరవై మూడేళ్ళుగా చూస్తోంది, చెప్పగలదు
ఏ సీసా ఎన్నిసార్లు తిరిగొచ్చిందో.
భుజం దగ్గరా, నడుం దగ్గరా
పక్క సీసాల్ని ఒరుసుకుని ఒరుసుకుని పడిన తెల్ల గీత.
కొత్తదానికి ఉండదు.
పది ప్రయాణాలకి వెంట్రుకంత,
నలభైకి చిటికెనవేలి వెడల్పు.
కాడి మోసిన ఎద్దు మెడ కాయ కాసినట్టు.

పోయిన మంగళవారం హాంబుర్గ్ నుంచి ఇద్దరొచ్చారు
లాప్‌టాప్‌లో కొత్త సీసా పెట్టుకుని.
సన్నని నడుం, ఆకుపచ్చ రంగు,
గాజులోంచే ఉబ్బెత్తుగా కంపెనీ పేరు,
మెడ కింద ఆకు బొమ్మ, ఆకు కింద భూగోళం.
"ఈ గీతలు చూస్తే జనానికి పాత సరుకనిపిస్తుంది"
అన్నాడు కుర్రాడు.
మేనేజరు హెన్నింగ్ గడ్డం గోక్కున్నాడు.

ఓర్త్రున్‌ని ఎవరూ అడగలేదు.
ఒక చెవి బిరడా తీసి, అడక్కుండానే అంది:
"పేరు చెక్కించుకున్న సీసా ఒక్క గుమ్మానికే రావాలి.
ఎక్కడో కీల్‌లో తాగి పడేస్తే
అక్కణ్ణించి ఇక్కడిదాకా
లారీ నిండా గాలి మోసుకురావాలి.
ఈ పేరు లేనిదుంది చూశారూ,
ఎక్కడ ఖాళీ అయితే ఆ పక్కూళ్ళోనే స్నానం.
ఎవరి నీళ్ళైనా పోసుకుంటుంది.
మళ్ళీ బజారు."

అంతే. మళ్ళీ బిరడా. మళ్ళీ వెలుగు.

ఆమె భాషలో ఎంగిలికి మాట లేదు.
నాకుంది. అందుకేనేమో, భోజనాల గదిలో
ఆమె ఇచ్చిన సీసా పట్టుకుని
ఒక్క క్షణం ఆగాను.
ఎన్ని పెదాలు!
జ్వరం దిగిన పిల్ల, పైకప్పు పెంకులు వేసేవాడు,
ఆఖరి రైలు తప్పిపోయిన ముసలాయన,
సంజాయిషీ చెప్పబోయి గొంతు తడుపుకున్న ఎవరో.
ఎనభై డిగ్రీల నీళ్ళు అందర్నీ కడిగేశాయి,
గీతని తప్ప.

సరిగ్గా ఆ గరుకు మీదే ఆనింది బొటనవేలు.
నున్నటి గాజు జారిపోయేదేమో.
తాగాను.

కొత్త సీసా సంగతి వచ్చే నెల్లో తేలుస్తారట.
ఓర్త్రున్ నా చేతిలో ఖాళీది అందుకుని
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టింది, అలవాటు కొద్దీ.
"ఇంకో పదిసార్లొస్తుంది," అంది.