కాలదోషం

అట్రాక్టా డర్కన్ అనే నేను,
బెల్‌ముల్లెట్ దాటాక ఏడో మైలులో కాపురమున్నదాన్ని,
పంతొమ్మిదేళ్ళు లైబ్రరీ వ్యాను తోలినదాన్ని,
తమకు విన్నవించుకునేది ఏమనగా...

ఇంతవరకూ బాగానే వస్తుంది ఉత్తరం.
ఇక్కడే ప్రతిసారీ పెన్ను ఆగుతుంది.
విన్నవించుకోవలసింది కాలు గురించి.
కాలు ఉంది. అదే దాని నేరం.

కాసిల్‌బార్ డాక్టరు నెమ్మదస్తుడు.
చిన్న రబ్బరు సుత్తితో మోకాళ్ళను పలకరించాడు.
కుడిది బదులివ్వలేదు.
ఎడమది, ఎవరడిగారని, కాస్త కదిలింది.
"కొంచెం పనిచేస్తోంది" అని రాసుకున్నాడు.
ఆ కొంచెం ఖరీదు, పన్ను లెక్కలో,
పదకొండు వేల యూరోలు.

రెండూ పూర్తిగా పోయి ఉండాలట,
లేదా పోయినవాటితో సమానమై ఉండాలట.
నావి పోతూ ఉన్నాయి.
వర్తమాన కాలానికి వాళ్ళ ఫారంలో గడి లేదు.

అప్పీలు పెట్టాను.
మొదటి చలికాలం రసీదు వచ్చింది,
వరుస సంఖ్య ఆరువందల నలభై రెండు.
రెండో చలికాలం ఫోను చేస్తే తెలిసింది
వినవలసిన బోర్డులో ప్రస్తుతానికి మనుషులు లేరని.
"పోనీ కుర్చీలున్నాయా?" అన్నాను.
అటువైపు పిల్ల కొత్తది, నవ్వు మింగి,
"కుర్చీలున్నాయమ్మా" అంది.

ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్ళరిగిపోయాయంటారు లోకంలో.
నా కాళ్ళు అరగలేదు.
ఆరేళ్ళనాటి బూట్ల అడుగున
ధర చీటీ గుర్తు ఇంకా కనిపిస్తుంది.
అరిగింది ఫోను మీద ఒకటో అంకె,
"ఇంగ్లీషు కోసం ఒకటి నొక్కండి" అన్నప్పుడల్లా.
ఓసారి మొండికేసి ఐరిష్ కోసం రెండు నొక్కాను.
అదే సంగీతం.

కారు మన్నెల్లీ షెడ్డులో ఉంది.
చేత్తో నొక్కే బ్రేకు, చేత్తో తిప్పే యాక్సిలరేటరు
నా మాట మీదే బిగించాడు పాపం.
కిటికీ ఒకటి పూర్తిగా మూసుకోదు.
ఆ సందులోంచి దూరి అతని ఎర్ర కోడి
వెనక సీట్లో సంసారం పెట్టింది.
శనివారాలు అరడజను తెచ్చి గుమ్మంలో పెడతాడు,
"ఇదిగో, నీ కారు పెట్టిన గుడ్లు."

నవ్వుతాను. గుడ్లు బాగుంటాయి.

నవ్వు రానిది బార్ట్‌లీ లవెల్ సంగతి.
బ్లాక్‌సాడ్ రేవులో పడవ దిగి
నేరుగా నా వ్యానెక్కేవాడు, గమ్‌బూట్లు బయట విడిచి.
ఒకే పుస్తకం, తిమింగలాలది,
తిప్పి తిప్పి తీసుకెళ్ళేవాడు.
అతని ఇల్లు మా ఇంటికి పద్నాలుగు మైళ్ళు.
అంత్యక్రియలు కంప్యూటర్లో చూశాను.
ఫాదర్ గారి బట్టతల, ఓ స్తంభం, పెట్టెలో సగం.
మధ్యలో బొమ్మ ఆగిపోయింది.
మళ్ళీ వచ్చేసరికి కుర్చీలు సర్దుతున్నారు.
ఆ పుస్తకం ఇంకా అతని పేరు మీదే ఉంది.
గడువు దాటిందని నేనెవరినీ అడిగినదాన్ని కాదు.

నిన్న కవరు వచ్చింది.
ఇరవై తొమ్మిది నెలలకు బోర్డుకి మనుషులు దొరికారు.
విచారణ డన్‌లేరీలో, దేశానికి ఆ చివర,
ఉదయం తొమ్మిదీ నలభైకి, తప్పక స్వయంగా.
కింద, చిన్న అక్షరాల్లో, ఎంతో దయగా:
*ద్వారం పక్కనే వికలాంగుల కార్లకు చోటు కలదు.*

చాలాసేపు ఆ వాక్యం పక్కన కూర్చున్నాను.

తర్వాత మన్నెల్లీకి ఫోను చేశాను.
నంబరు ప్లేటు లేని కారు గేటు దాటదన్నాడు,
తన వ్యానులో తీసుకెళ్తానన్నాడు,
రాత్రి మూడింటికి బయల్దేరితే అందుకుంటామన్నాడు.
కాస్త ఆగి, "ఎందుకైనా మంచిది, సీటు తుడిచి ఉంచుతా.
కోడిని దింపెయ్యనా?
మొన్నటి నుంచీ పొదుగుతోంది."

"వద్దు, ఉండనీ" అన్నాను.
"దానికి ఇరవై ఒక్క రోజులే."