రెండు శాతం

మొదటి రోజు కొమ్మాది జంక్షన్‌లో
హెల్మెట్ తీయకుండానే అడిగాడు ఎల్లాజీ,
"బడ్జెట్ ఎంతమ్మా?"
నలభై ఉంటే ముప్పై రెండన్నాను.
బేరం అలాగే మొదలెట్టాలని
కేజీహెచ్ ల్యాబ్‌లో అందరూ నూరిపోశారు.
అతను నవ్వలేదు. స్కూటర్ తిప్పి
ముప్పై రెండుకొచ్చే ఇళ్లే చూపించాడు మూడు ఆదివారాలు.
పక్కవాళ్ల పోపు తప్ప గాలి రాని వంటగదులు,
లిఫ్టు గోతిలో నీళ్లు,
నీళ్లలో ఎవరిదో ఒంటి చెప్పు.

నాలుగో ఆదివారం టీ కొట్టు దగ్గర కక్కేశాను.
నలభై.
ఆరు చిట్టీ పాడితే వచ్చేది, నాలుగు నా గాజులు,
మిగతాది బ్యాంకు ఇస్తానంది, ఇంకా ఇవ్వలేదు.
గ్లాసు కింద పెట్టాడు.
"ఈ మాట ముందే సెప్తే
పెట్రోలు మిగిలేది కదమ్మా."

రోజుకి నూట ఇరవై మందికి సూది గుచ్చుతాను నేను.
చెయ్యి చాపడమంటే ఏమిటో
ఆ టీ కొట్టు దగ్గరే తెలిసింది.

అడివివరంలో ఒక ఇల్లు.
తూర్పు వాకిలి, కిటికీ నిండా సింహాచలం కొండ.
నాకు కాళ్లు కదల్లేదు.
ఓనరు నీళ్లు తేవడానికి లోపలికెళ్లగానే
గొంతు తగ్గించి అన్నాడు,
"వద్దమ్మా. ఈ నేల దేవుడి లెక్కలో ఉంది.
అప్పన్న పేరు, మన పేరు
ఒక కాగితం మీద ఇమడవు."
ఆ మాటకి అతనికి పోయింది ఎనభై వేలు.

కిటికీ గ్రిల్లు మీద వేలు రాసి చూడమన్నాడు,
సముద్రం ఎంత తిందో తెలుస్తుందని.
హుద్‌హుద్‌ని చూసిన బిల్డింగా,
తర్వాత పుట్టిందా అడగమన్నాడు.
నేనూ ఊరికే లేను.
తొమ్మిదంటే తొమ్మిదికి నిలబడ్డాను.
నచ్చకపోతే ఆ సాయంత్రమే చెప్పాను, నాన్చలేదు.
అతని షుగరు రిపోర్టు చదివి
రోడ్డు మీదే తిట్టాను.

పీఎం పాలెంలో మూడో అంతస్తు కుదిరిన రాత్రి
ఓనరు సుదర్శనం గారి ఫోను:
"మధ్యలో బ్రోకరెందుకమ్మా,
చెరో ఎనభై మిగుల్తాయి."
నేనేం పెద్ద నీతిమంతురాలిని కాను.
కరెంటు బిల్లు వెనక ఎనభై వేలు రాసుకుని
గీజరు, బీరువా, రెండు ఫ్యాన్లు, వంటగది తలుపు
అన్నీ తీసివేసి చూశాను. ఇంకా మూడు వేలు మిగిలాయి.
నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఎల్లాజీకి చెప్పాను.
"తెల్సు. ఆడు అందరికీ సేత్తాడు ఆ ఫోను."
మరి నన్నడగలేదేం అన్నాను.
కిక్కు కొట్టాడు. బండి అంటుకోలేదు.
మళ్లీ కొట్టాడు.
"అడిగితే మీరేటి సెప్పినా
అది అడిగినందుకే గదమ్మా."

రిజిస్ట్రేషన్ అయ్యాక, వేలి సిరా ఆరకముందే
కవరు చేతిలో పెట్టాను.
అక్కడే నిలబడి వేలు తడిపి
చివరి నోటు దాకా లెక్కపెట్టాడు.
నాకు చివుక్కుమంది.
తర్వాత అర్థమైంది, లెక్కపెట్టకపోతే
నేనింకా అతనికి బాకీ ఉన్నట్టే ఉండేది.

మొన్న కింద అదే స్కూటరు హారను.
వెనకాల బైకు మీద కొత్తగా పెళ్లైన జంట,
పక్క ఫ్లాటు చూడ్డానికి.
"నీళ్లెలా వస్తన్నాయో ఈళ్లకి సెప్పమ్మా.
ఉన్నదే సెప్పు."
మంగళవారం రావన్నాను.
ఎల్లాజీ తలూపాడు, తన సరుకుని నేను పాడుచేసినట్టు కాదు,
ఇంకోలా.

ఆ అమ్మాయి వేలు గ్రిల్లు మీద లేదు,
మొగుడి మోచేతి మీద ఉంది, గట్టిగా.
వాళ్లు అతనికి చెప్పిన బడ్జెట్
అబద్ధమని నాకు తెలిసిపోయింది.
టీ పెడతాను, కూర్చోండి అన్నాను.