దుబాసీ

వెలుతురు చాలలేదు, మళ్ళీ చెప్పమను
అన్నాడు కెమెరా అతను.
రోజీ చిన్నాన్న ఉప్పు టీ గిన్నె పక్కన పెట్టి
మొదటినుంచి ఎత్తుకున్నాడు.

హుషేలో మా ఇంటి కప్పు మీద,
ఎండబెట్టిన ఆప్రికాట్ల నడుమ కూర్చోబెట్టారు ఆయన్ని.
వెనక కొండ పడాలట. పడింది.
మంచు కొరికేసిన చెవి కనపడేలా
ఇటు తిరగమన్నారు. తిరిగాడు.

నేను బల్తీలో విని ఇంగ్లీషులో అప్పజెబుతున్నాను,
రోజుకి నాలుగు వేలు.

"తఖీ కూర్చుండిపోయాడు, ఆఖరి గుడారానికి పైన.
ఉన్నది ఒక్క సిలిండరు. ముల్లు ఎర్రగీత మీద.
కింద గుడారంలో దొర
కళ్ళు కనపడక నా పేరు పెట్టి అరుస్తున్నాడు.
నేను దిగాను."

ఆ దొరా ఉన్నాడు ఈ సినిమాలో.
పోయిన నెల తన తోటలో కుర్చీ వేసుకుని
కన్నీళ్ళు పెట్టుకున్నాడట.
అతనికి ఒక్క టేకుతో సరిపోయింది.

దిగేముందు తఖీ ఏమన్నాడో అడగమన్నారు.
పొద్దుట రెండుసార్లు అడిగాను.
ఏమీ అనలేదు, ఏమీ అనలేదు.
ఈసారి చిన్నాన్న నా వైపు కాక
తన అరచేతుల వైపు చూసి, గొంతు తగ్గించి,
"నా చేతి తొడుగు ఇటివ్వు, అన్నాడు.
ఎడమది. జారి నా బూటు దగ్గరే పడింది.
వంగితే మళ్ళీ లేవలేనేమోనని
వంగలేదు."

పక్క కప్పు మీద హకీమా పెద్దమ్మ
పళ్ళు తిరగేస్తోంది, ఒక్కొక్కటీ.
తఖీ ఆమెకి ఒక్కడే తమ్ముడు.
అతని కొడుకు స్కర్దూలో చదువుతున్నాడు,
ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు.

ఏమన్నాడు, ఏమన్నాడు అంటున్నారు వీళ్ళు.

"ఏమీ అనలేదట," అన్నాను.

ఆ మాటకి చిన్నాన్న తలెత్తాడు.
ఇరవై ఏళ్ళు వాళ్ళ మూటలు మోసినవాడికి
ఆపాటి ఇంగ్లీషు రాకుండా ఉంటుందా?
నన్ను కాదనలేదు.
ఆయన బల్తీ మాట మాత్రం ఆ యంత్రంలోనే ఉంది,
ఏ ఊళ్ళోనో, ఏ గదిలోనో
నాలాంటిదే ఇంకొకతె చెవులకు తగిలించుకునే దాకా.

బాగా వచ్చింది, చాలు అన్నారు.
చొక్కాకి పెట్టిన మైకు తీస్తుంటే
దాని నల్ల స్పాంజి తొడుగు ఊడి
ఆయన కాలి దగ్గర పడింది.
నలుగురం ఉన్నాం అక్కడ, కుర్రవాళ్ళం.
అందరికన్నా ముందు ఆయనే వంగాడు.

చాలాసేపు లేవలేదు.