ఉప్పు తిన్న రేకు

టెక్కలి బైపాసు పక్కన మా షెడ్డులోకి
ఆ ఓమ్ని వచ్చిందంటే
ముందు వాసన దిగుతుంది,
తర్వాత చోడిపిల్లి ఎర్రమ్మ దిగుతుంది.
భావనపాడు నుంచి తొమ్మిదేళ్లుగా
ఐసునీ కానాగంతల్నీ మోసిన బండి.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు గానీ
ఈ రేకు ఉప్పు తినలేదు,
ఉప్పే దీన్ని తింది.

వెనక చక్రం గూడు పైన
పెయింటు పొంగి ఒక బొబ్బ.
"ఇదొక్కటే గదా, లప్పం పెట్టీసి ఒగ్గీ బాబూ."
స్క్రూడ్రైవర్ మొన ఆనించానో లేదో
అప్పడంలా లోపలికి పోయింది.
కన్నంలోంచి పేపరు ముక్క రాలింది,
దాని మీద ఎప్పటిదో తుపాను హెచ్చరిక.
ఎవడో కాగితం ఉండచుట్టి కుక్కి
పైన లప్పం మెత్తి డబ్బులు తీసుకున్నాడు.
ఎవడో ఏమిటి.
లప్పం వెనక ఎండిపోయిన ఆ బొటనవేలి నొక్కు
నాదే.

ఏమీ అనలేదు. సుత్తి తీసి
తట్టుకుంటూ పోయాను.
కుళ్లినచోట రేకు బద్దుమంటుంది,
బతికున్నచోట ఠంగుమని తిరిగి జవాబిస్తుంది.
జవాబొచ్చేదాకా కొయ్యాలి.
మా మేస్త్రీ కూర్మినాయుడు నేర్పింది ఇదొక్కటే,
మిగతావన్నీ తిట్లు.

అరచేతంత కన్నం చాటంత అయింది.
"ఏటిది! సిన్న కన్నానికి ఇంత కోసీసినావు?"
కాసేపు ఊరుకుని తనే అంది:
"మరేలే. వల బాగుసేసినా అంతే.
నానిపోయిన పోగుకి ముడేస్తే నిలవదు.
గట్టి కన్ను తగిలినకాడికి కోసీయాల."

పలాస జీడిపప్పు అట్టపెట్టె చింపి నమూనా గీశాను.
మూలలు గుండ్రంగా తిప్పాను,
పగులు పుట్టేది మూలలోనే.
ముక్క, తుక్కుకొచ్చిన స్కూలు వ్యాను పైకప్పుది,
పసుపు రంగు.
చుట్టూ హ్యాక్సా బ్లేడు పట్టేంత సందు వదిలి
బ్యాటరీ తీగ విప్పి
తడి గోనె కప్పి
మా గుంటడు గవర్రాజుని బకెట్టుతో నిలబెట్టి
అద్దం దించాను.

ఒక చుక్క.
దానికి ఎదురు మూలన ఇంకో చుక్క.
వరసగా కాల్చుకుంటూ పోతే అరగంట పని,
కానీ రేకు వేడికి ఒళ్లు విరుచుకుంటుంది,
చల్లారుతూ ముడుచుకుంటుంది,
చివరికి వడియంలా వంకర తిరుగుతుంది.
అందుకే పైనొకటి, కిందొకటి,
నడుమ ఆగడం.
వెనక్కి తిప్పిన చెయ్యి ఆనిస్తే
ఓర్చుకోగలిగేదాకా ఆగడం.

ఈ ఆగడమే కష్టం.
నల్లద్దంలో మూడేళ్ల కిందటి మధ్యాహ్నం కనపడుతుంది:
గుమ్మంలో మూడు బళ్లు,
ఫైనాన్సువాడి ఫోను,
చేతికందిన పేపరు,
పదకొండొందలు.

పొద్దువాలేసరికి చుక్కలన్నీ కలిశాయి.
గ్రైండరు తేలిగ్గా నడిపాను, కుట్టు పలచబడకుండా.
పైన రెడ్ ఆక్సైడు కొట్టాను.
లోపలి పసుపు అలాగే ఉంచాను,
ఇంకెవరైనా విప్పితే చూసుకోనీ.
అంతా మూశాక
అడుగు మడతలో డ్రిల్లుతో వేరుశనగ గింజంత బెజ్జం పొడిచాను.
ఎర్రమ్మ నెత్తి పట్టుకుంది.
"నీళ్లు ఎలాగూ వస్తాయమ్మా,
పోడానికి దారుండాలి గదా."

రేకు డబ్బులు వద్దన్నాను.
ఎందుకని అడగలేదు.
వంగి నేల మీది కాగితం ముక్క తీసి
గవర్రాజు చేతికిచ్చి చదవమంది.
వాడు కూడబలుక్కుంటూ తుపాను కబురు చదివాడు.
"ఆ తుపానెళ్లిన మర్నాడే గదా
నీకాడికొచ్చినాను" అంది.

అంతే అంది.

నేను గ్లోవు తీయకుండా నిలబడ్డాను.
ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
డబ్బుల సంచిలో దోపుకుని
బండెక్కింది.